షట్టర్ల జహంగీర్ తుమ్ము

గిద్దలూరులో ఒక మాట రాచర్ల గేటు దగ్గర పుట్టిందంటే, గ్లాసులో టీ చల్లారేలోపు రైల్వే స్టేషన్ చేరుతుంది. దారిలో దానికి కాళ్లూ చేతులూ మొలుస్తాయి, అది వేరే సంగతి. నోట్లో నువ్వుగింజ నానని మనుషులు అన్ని ఊళ్లలోనూ ఉంటారు. ఇక్కడ మాత్రం నువ్వుగింజను నోట్లో వేసుకునేదే పక్కవాడికి చూపించడానికి. అలాంటి ఊళ్లో ఉంటూ, ఒక సంగతి ఎవరికీ చెప్పనని కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు షట్టర్ల జహంగీర్. పెట్టిన రోజున అదేమంత కష్టమనుకోలేదు పాపం.

జహంగీర్‌ది నంద్యాల రోడ్డులో వెల్డింగ్ షాపు. గేట్లు, కిటికీ గ్రిల్లులు, రోలింగ్ షట్టర్లు చేస్తాడు. పొద్దున్నే ఆ రోడ్డులో గరగరమంటూ పైకి లేచే షట్టర్లలో సగం ఆయన చేతివే. ఊళ్లో జహంగీర్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఆయన షట్టర్ల జహంగీర్ అయ్యాడు. మాట తక్కువ మనిషి. పొద్దస్తమానం ఇనుము కోసే చప్పుడులో బతికేవాడికి మాట్లాడినా వినబడదు గనక ఆ అలవాటే పోయిందని ఆయన భార్య అంటుంది.

పాత సినిమా హాలును ఎవరో హైదరాబాదు కంపెనీవాళ్లు తీసుకున్నారని ఊరందరికీ తెలుసు. ఏం పెడతారో మాత్రం తెలియదు. ఆ కంపెనీ తరఫున ప్రవీణ్ కుమార్ అనే కుర్ర మేనేజరు జహంగీర్ షాపుకు వచ్చాడు. ముందువైపు పెద్ద షట్టరు, లోపల వరసలు వరసలుగా ఇనుప ర్యాకులు, పని మొత్తం మీకే అన్నాడు. జహంగీర్ జీవితంలో అంత పెద్ద పని రాలేదు. దగ్గరున్న నలుగురు పనివాళ్లకు ఏడాది పొడుగునా చేతినిండా పని.

"ఒక్కటే షరతు భాయ్. కంపెనీ పేరు, అక్కడ ఏం పెడుతున్నాం, ఎప్పుడు తెరుస్తాం, ఈ మూడూ బయటికి పోకూడదు. మా పోటీ కంపెనీవాళ్లు కాచుకుని ఉన్నారు. పోయిందో, ఈ పనీ ఉండదు, నష్టం కూడా మీరే కట్టాల్సి వస్తుంది," అంటూ ఇంగ్లీషు కాగితాలు చేతిలో పెట్టాడు.

జహంగీర్ వాటిని ఇంటికి తీసుకుపోయి బీకాం చదివే కూతురు ఫర్జానా ముందు పెట్టాడు. ఆ పిల్ల మంచం మీద బాసింపట్టు వేసుకుని, వేలు పెట్టుకుంటూ చదివి వాళ్ల అబ్బాకు తెలుగులో చెప్పింది.

"నోటితో గానీ, రాతతో గానీ, సైగతో గానీ, మరే విధంగానైనా గానీ ఎవరికీ తెలియజేయకూడదంట అబ్బా."

"ఎవరికీ అంటే?"

"ఎవరికైనా. ఇంట్లోవాళ్లకు గూడా."

"మరి నీకు తెలిసిపాయె గదా?"

"నాకేం తెలిసింది? ఇందులో షరతులే ఉన్నయ్, అసలు సంగతి లేదు." ఆ పిల్ల మళ్లీ మొదటి పేజీకి పోయి చివరిదాకా తిప్పింది. "ఎంతకాలమో మాత్రం రాయలేదు చూడు. గడువు లేని కాగితం మీద సంతకం పెడితే చచ్చేదాకా నోరు కట్టేసుకోవాల. అడుగు."

మర్నాడు జహంగీర్ అడిగాడు. ప్రవీణ్ కుమార్ ఆశ్చర్యపోయి, ఎవరికో ఫోన్ చేసి, 'షాపు తెరిచే రోజు వరకు' అని పెన్నుతో చేర్చి పక్కన సంతకం చేశాడు. జహంగీర్ కూడా చేశాడు. చేస్తున్నప్పుడు ఆయనకు తన తండ్రి ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది. నమ్మి దాచమని చేతికిచ్చింది సొమ్మైనా మాటైనా అమానత్, ఇచ్చినవాడికి తప్ప ఇంకొకరికి ఇయ్యకూడదు. కంపెనీవాడి నష్టపరిహారం కంటే ఆ మాటే జహంగీర్‌ను ఎక్కువ భయపెట్టింది. ఈ కాలంలో ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు, ఉన్నారంటే మనమే నమ్మం.

పని మొదలైంది. టీ కొట్టు దగ్గర కొందరు ఫంక్షన్ హాలన్నారు, కొందరు ఆసుపత్రన్నారు. ఒకాయన మిరపకాయల కోల్డ్ స్టోరేజీ అని పందెం కూడా కాశాడు. "నీకు తెలిసుంటాది గదా జాంగీరూ," అని ఎవరడిగినా, "నాకు ఇనుము సంగతి తప్ప ఏం తెల్దు," అని లేచిపోయేవాడు. చేసిన ర్యాకులను చేసినట్టే షాపు వెనక పేర్చి వాటి మీద నీలం పట్టా కప్పించాడు. అంతా సవ్యంగా సాగిపోయేదే, పక్క దుకాణం వెంకటసుబ్బులమ్మ ఒకరోజు మధ్యాహ్నం చేతులు తుడుచుకుంటూ రాకపోయుంటే.

వెంకటసుబ్బులమ్మది కిరాణా అంగడి. భర్త శాంతయ్య పోయాక ఒంటిచేత్తో నడుపుకొచ్చింది, కూతురు వాణికి పెళ్లి చేసి మార్కాపురం పంపింది. జహంగీర్ కంటే ఆరేడేళ్లు పెద్దది. ఆయన "అక్కా" అంటాడు, ఆమె "తమ్ముడూ" అంటుంది. కోపమొస్తే "ఒరే జాంగీరూ" అంటుంది.

"తమ్ముడూ, ఈ డబ్బాల్లో చెయ్యి పెట్టి పొట్లాలు కట్టేది ఇంక చాలిస్తన్నా. పక్క రూము గూడా మాట్లాడినా. జనమే లోపలికొచ్చి కావల్సింది వాళ్లే తీసుకునేట్ల పెడదామని. మినీ మార్టు. నాకు ర్యాకులు చెయ్యాల నువ్వు."

జహంగీర్ చేతిలో వెల్డింగ్ రాడ్డు అలాగే ఉండిపోయింది. "అంత ఖర్చు యాడనించి తెస్తావక్కా?"

"కంభం చెరువు కింద మా అమ్మ ఇచ్చిన మాగాణి ఉండాది గదా. అది బ్యాంకులో పెడతన్నా. మేనేజరు రేపో మాపో సంతకానికి రమ్మన్నాడు." ఆమె ముఖం పెళ్లికూతురి ముఖంలా ఉంది. "ఆ రోడ్డు చివర సినిమా హాల్లో ఫంక్షన్ హాలొస్తే జనం ఇట్లే గదా పోవాల. మన దశ తిరిగినట్టే."

అక్కడ వస్తున్నది ఫంక్షన్ హాలు కాదు. ఆ ర్యాకుల కొలతలు గీసిన కాగితంలో ఏ వరసలో బియ్యం, ఏ వరసలో నూనె, ఏ వరసలో సబ్బులో రాసి ఉంది. తెరిచిన నెలలో అన్నిటి మీదా తగ్గింపు ధరలట. కూతవేటు దూరంలో అంత పెద్ద సూపర్ మార్కెట్టు నోరు తెరిస్తే, ఆ రోడ్డులో కొత్తగా పుట్టే మినీ మార్టు పురిట్లోనే పోతుంది. అది పోతే దానితోపాటు మాగాణి కూడా పోతుంది. ఆ నేల తప్ప వెంకటసుబ్బులమ్మకు ముసలితనానికి మరో ఆధారం లేదు. ఈ ముక్క తెలిసినవాడు ఊరు మొత్తానికి జహంగీర్ ఒక్కడే. తన నోటికి తానే తాళం వేసుకుని కూర్చున్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు కదా, సరిగ్గా అది.

"తొందరెందుకక్కా, ఇంకొన్నాళ్లు చూడరాదా?" అన్నాడు.

"ఇంకెన్నాళ్లు? నాకేమన్నా వయసు ఎనక్కి వస్తాదా?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఆయన అన్నం ముందు కూర్చుని వేళ్లతో మెతుకులు లెక్కపెట్టాడే గానీ తినలేదు. చెప్పేస్తే? సుబ్బక్క నోటికి తాళం లేదు. పాపం ఆమె చెప్పదలచుకుని చెప్పదు, బ్యాంకు మేనేజరుతో ఎందుకు వద్దనుకున్నదీ చెప్పాలి కదా, అక్కణ్నించి ఊరంతా పాకుతుంది. పని పోతుంది, నలుగురి కడుపులు మాడతాయి. అన్నిటికంటే ముందు, పెట్టిన సంతకం అబద్ధమైపోతుంది. చెప్పకపోతే? కళ్ల ముందే సుబ్బక్క మాగాణి పోతుంది.

వీళ్లిద్దరి మధ్య ఉన్నది మామూలు ఇరుగుపొరుగు కాదు. శాంతయ్య పోయిన కొత్తలో ఆ వీధి జనం వెంకటసుబ్బులమ్మకు చేసిన మర్యాద చెప్పుకుంటే సిగ్గుచేటు. ముండమోసింది ఎదురొస్తే పని చెడుతుందని, ఆమె గడప దాటే అలికిడి వినబడితే చాలు తలుపులు ఓరగా వేసుకునేవాళ్లు. ఆమె దాటిపోయాక మెల్లగా తెరుచుకునేవాళ్లు. నిన్నటిదాకా అప్పుగా చక్కెర పట్టుకుపోయిన ఇళ్లే అవన్నీ. పోనుపోను ఆమే, రోడ్డు మీద ఎవరన్నా బయలుదేరుతుంటే చూసి లోపలికి తప్పుకోవడం నేర్చుకుంది. ఒకనాడు జహంగీర్ మొదటి వెల్డింగ్ మిషను కొనడానికి మార్కాపురం బయలుదేరాడు. ఆమె గబుక్కున తలుపు చాటుకు పోవడం చూశాడు. అక్కడే నిలబడి పిలిచాడు. "అక్కా, బయటికి రా. నువ్వే నాకెదురు రా. మాలో ఈ శకునాలు లేవు." ఆమె రానంది. రాకపోతే తాను కదలనని బండి స్టాండు వేసి నిలబడ్డాడు. చివరికి ఆమె నీళ్ల బిందె చంకన పెట్టుకుని, ఏడుస్తూ ఎదురొచ్చింది. వీధి వీధంతా చూసింది. ఆ మిషనుతోనే జహంగీర్ షట్టర్ల జహంగీర్ అయ్యాడు.

శకునాల చేత అన్ని దెబ్బలు తిన్న మనిషి న్యాయంగా అయితే వాటిని వదిలెయ్యాలి. వెంకటసుబ్బులమ్మ మరింత గట్టిగా పట్టుకుంది. ఒక్క సవరణ మాత్రం చేసుకుంది. జహంగీర్ ఎదురు తనకు శుభమని నిర్ణయించుకుంది. వాణికి సంబంధం చూడబోయినప్పుడు, దుకాణానికి కొత్త కాటా తేబోయినప్పుడు, "తమ్ముడూ, ఎదురు రా," అని కబురు పెట్టేది. శకునాలు నమ్మని జహంగీర్ చేతిలో పని వదిలేసి వచ్చి ఎదురు నడిచేవాడు. పిల్లి అడ్డమొస్తే ఆమె కూర్చునేది, ఒంటి తుమ్ము వినబడితే మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరేది. "తుమ్ము తమ్ముడై చెప్తాదంటారు, ఊరికే అన్నారా పెద్దోళ్లు," అనేది. జహంగీర్ వాళ్లలో తుమ్ము వస్తే అల్హమ్దులిల్లా అనుకుంటారు, దేవుడికి శుక్రియా చెప్పుకుంటారు. అయినా ఆమె బయలుదేరే వేళ, ఆమె దుకాణంలోంచే మిరపకాయల ఘాటు వచ్చి ముక్కు అదిరిపోతున్నా, ఆయన ముక్కు నులుముకుని కళ్ల నీళ్లతో నిలబడేవాడే గానీ తుమ్మేవాడు కాదు. స్నేహమంటే ఏమిటని ఎవరన్నా అడిగితే ఇంతకంటే చెప్పడానికేముంది?

ఆ రాని తుమ్ములే ఇప్పుడు ఆయనకు గుర్తొచ్చాయి. నోరు విప్పొద్దని రాయించుకున్నారు. ముక్కు సంగతి రాసుకోలేదు కదా!

మర్నాడు ఆమె దుకాణానికే పోయి, "అక్కా, ముక్కుపొడి ఒక డబ్బీ ఇయ్యి," అన్నాడు.

"నీకిదేం పాడలవాటు? ఎప్పటినించి?"

"జలుబు."

ఆమె డబ్బీతోపాటు ఒక శొంఠి కొమ్ము కూడా ఊరికే ఇచ్చింది, కషాయం పెట్టుకోమని. జహంగీర్‌కు దాన్ని తీసుకోవడానికి చెయ్యి రాలేదు.

గురువారం పూట ఆమె కొత్త చీర కట్టి, పొలం కాగితాల సంచి పట్టుకుని గడప దిగింది. జహంగీర్ షాపు ముందు నిలబడి, వెనక్కి తిరిగి పొడి పీల్చాడు. అలవాటు లేని ముక్కు. ఒకటి రావాల్సిన చోట రెండొచ్చాయి, ఫటఫటమని.

వెంకటసుబ్బులమ్మ ఆగి, వెలుగుతున్న ముఖంతో చూసింది. "జంట తుమ్ములు తమ్ముడూ! శుభం. నీ నోట్లో చక్కెర పొయ్య, నీ ముక్కు గూడా నా మేలే కోరతాది," అంటూ ఇంకో అడుగు వేసింది.

జహంగీర్ కంగారుపడి ఉన్న పొడంతా ఎక్కించేశాడు. మూడోది రోడ్డవతల మెడికల్ షాపువాడికి కూడా వినబడేలా పేలింది. ఆమె అడుగు గాల్లోనే ఆగింది. ఒకటైతే చెడు, రెండైతే మంచి. మూడు తుమ్ములకు ఏమని చెప్పారో ఆమెకు తెలియదు. తెలిసినవాళ్లెవరని అరుగు మీద కూర్చుని ఆలోచించింది, వాణికి ఫోన్ చేసింది, ఎదురింటి చెంచమ్మను అడిగింది. చెంచమ్మ మూడు మంచిదికాదని తేల్చేసరికి బ్యాంకులో భోజనాల వేళయింది. ఆ పూటకు ప్రయాణం ఆగింది. జహంగీర్ కళ్లూ ముక్కూ ఎర్రబడి సాయంత్రం దాకా పని చెయ్యలేకపోయాడు.

రెండోసారి ముక్కును నమ్ముకోలేదు. ఆమె సంచితో బయటికి రాగానే, "యాడికక్కా?" అని అరిచాడు. బయలుదేరే మనిషిని ఎక్కడికని అడగకూడదని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఆమె సంచి కింద పడేసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఒరే జాంగీరూ, నీ నోట్లో మన్ను పడ! ఇన్నేండ్ల సావాసంలో ఎప్పుడన్నా అడిగినావా? ఇయ్యాల పుట్టిందా నీకు నోరు?" అని తిట్టి తిట్టి లోపలికి పోయింది. ఆ తిట్లు ఆయనకు హాయిగానే ఉన్నాయి.

అయినా మనసులో ముల్లు పోలేదు. రాత్రి భోజనాల దగ్గర కూతుర్ని అడిగాడు. "ఫర్జానా, ఆ కాగితంలో తుమ్ము అని యాడన్నా ఉండాదా?"

"తుమ్మా?" అని ఆ పిల్ల పొలమారేదాకా నవ్వింది. "తుమ్మని లేదు గానీ 'మరే విధంగానైనా' అని ఉంది గదా. నువ్వు కావాలని తుమ్మితే అదీ లెక్కకొస్తాది అబ్బా."

జహంగీర్ నవ్వలేదు. అంతా నియ్యత్ మీదే ఉంటుంది, మనసులో ఏమనుకుని చేశామన్నదే పైవాడు చూస్తాడు. ఆ ప్రకారం తాను చెప్పినట్టే. పోనీ పూర్తిగా చెప్పినట్టా అంటే, సుబ్బక్కకు ఒక్క ముక్కా తెలిసింది లేదు. తుమ్మితే ఊడే ముక్కులా ఉంది తన అమానత్ అనుకుని ఆయన చాలాసేపు దొర్లాడు.

బ్యాంకు మేనేజరుకు విసుగొచ్చింది. ఈ సోమవారం రాకపోతే కాగితాలు వెనక్కి పంపేస్తానన్నాడు. ఆదివారం సాయంత్రం వెంకటసుబ్బులమ్మ జహంగీర్ షాపుకు వచ్చి, ఎప్పుడూ లేనంత మెత్తగా అడిగింది. "తమ్ముడూ, రేపు నువ్వే ఎదురు రావాల. నాకు ఇంకెవుర్నీ నమ్మబుద్ధి కాలా. నీ ఎదురుంటే చాలు, ఎన్ని తుమ్ములైనా తుమ్ముకోనీ." జహంగీర్ తలూపాడు. ఊపకుండా ఏం చెయ్యాలో తెలియక ఊపాడు.

సోమవారం పొద్దున ఆయన షాపు షట్టరు సగం దాకే లేచింది. లోపల చీకట్లో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎదురు పోతే తన చేత్తోనే ఆమెను గోతిలోకి సాగనంపినట్టు. పోకపోతే ఆగుతుంది, అంతే చాలు, ఆపైన తిట్టినా సరే. రోడ్డు మీద చెప్పుల చప్పుడు వినబడింది. ఆగింది. తర్వాత సగం షట్టరు కింద ఆమె పాదాలు, కొత్త చీర అంచు కనిపించాయి. ఆమె వంగి లోపలికి చూసింది.

"నువ్వు గూడా తలుపేసుకుంటివా నాయనా?"

గొంతులో కోపం లేదు. అది లేకపోవడమే జహంగీర్‌ను చంపేసింది.

ఆమె షట్టరు కిందినుంచి వంగి లోపలికొచ్చి, ఇనుప యాంగిళ్ల కట్ట మీద కూలబడింది. "పోనీలే. వాళ్లను అంటిమి గానీ, వాళ్లు చెప్పిందే నిజం. నేను గడప దాటితేనే తుమ్ములు, నేను పని తలపెడితేనే అడ్డాలు. నా మొహమే అట్లాంటిది. నీకు గూడా తెలిసొచ్చింది ఈ కాడికి. ఎదురొస్తే నా దరిద్రం నీకు యాడ తగులుతాదో అని కూర్చుంటివి. తప్పు లేదులే తమ్ముడూ, నీకు ఆడపిల్ల ఉండాది." కొంగుతో ముఖం తుడుచుకుంది, తుడిచినకొద్దీ తడిసింది.

జహంగీర్ ఎన్నో ఏళ్ల కిందట వీధి మొత్తానికి ఎదురు నిలబడి ఏ ముల్లును ఆమె గుండెలోంచి పీకాడో, అదే ముల్లును తన తెలివితేటలతో తనే మళ్లీ దించాడు. పొలం పోతే పోయేది పొలమే. ఇది పోతే ఆమెకు ఇంకేం మిగులుతుంది? కాగితం, కంపెనీ, నలుగురు పనివాళ్లు, అన్నీ ఆ క్షణాన ఆయనకు చాలా దూరంగా కనిపించాయి. స్టూలు మీదినుంచి లేచి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"అక్కా, ఆ తుమ్ములు నిజంవి కావు. నీ దగ్గర కొన్న ముక్కుపొడివి. యాడికని అడిగింది గూడా కావాలనే. నీ మొహానికి ఏ దోషం లేదు. నేనే ఆపినా నిన్ను. ఎందుకంటే ఆ సినిమా హాల్లో..."

"ఆపు," అంది వెంకటసుబ్బులమ్మ.

ఏడుపు ఆగిపోయింది. ముప్పై ఏళ్లు కాటా పట్టుకున్న మనిషి, ముల్లు ఎటు మొగ్గుతోందో ఆమెకు ఒకరు చెప్పాలా? జహంగీర్ ముఖంలోకి చూసింది. ఎప్పుడో చెయ్యమన్న తన ర్యాకుల కోసం తెచ్చిన ఇనుము, తాను కూర్చున్న కట్ట, రంపం తగలకుండా తుప్పు పట్టి ఉంది. వెనక నీలం పట్టా కింద మాత్రం మనిషి ఎత్తున ఏవో వరసలు వరసలుగా నిలబడి ఉన్నాయి. పట్టా అంచు కింద ఒక ఇనుప అర కొస కనిపిస్తోంది. అటు ఎంతోసేపు చూసింది గానీ లేచి పోలేదు.

"నోటితో చెప్పలేక ముక్కుతో ఆపినావంటే, యాడన్నా సంతకం పెట్టినావా నువ్వు, ఎవురికీ చెప్పనని?"

జహంగీర్ నేల మీద పడ్డ ఇనుప రజను వేలితో గీస్తూ కూర్చున్నాడు.

"పెట్టినట్టుండావు. అయితే చెప్పొద్దు. నాకు నోరాగదు, నీకు తెల్సు. నీ మాట నీ దగ్గరే ఉండనీ." ఆమె లేచి చీర దులుపుకుంది. "నా తప్పు కాదు గదా అవి? నిజంగా నువ్వు కావాలని తుమ్మినవే గదా?"

"మా అమ్మ మీద ఒట్టు అక్కా."

"ఆ ముక్క ముందే చెప్పుంటే మూడు వారాలు నిద్ర పట్టేది గదరా జాంగీరూ!" అని, ఏడుస్తున్నదో నవ్వుతున్నదో తెలియని ముఖంతో ఆయన నెత్తి మీద ఒక్కటి మొట్టి, షట్టరు కింద వంగి బయటికి పోయింది. బ్యాంకుకు పోలేదు. అడిగినవాళ్లకు శకునం కుదర్లేదని చెప్పింది. ఆమె సంగతి తెలిసిన ఊరు గనక ఎవరూ రెండో మాట అడగలేదు.

సూపర్ మార్కెట్టు తెరవడానికి ముందురోజు జహంగీర్ పాత సినిమా హాలుకు పోయి, ప్రవీణ్ కుమార్‌ను పక్కకు పిలిచాడు. "సార్, నేను ఎవురికీ చెప్పలేదు. కానీ ఒక మనిషిని ఆపినా. అది తప్పైతే నా బిల్లు ఆపుకోండి."

"చెప్పకుండా ఎలా ఆపారు భాయ్?"

"తుమ్మినా."

మొత్తం కథ విని ప్రవీణ్ కుమార్ కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వాడు. నవ్వు తగ్గాక ర్యాకుల వైపు చూశాడు. "మా లీగల్ వాళ్లకు నేనేమని రాయాలి, తుమ్మాడని రాయనా? నాతో అనకుండా ఉంటే సరిపోయేది కదా భాయ్. ఇప్పుడు ఏ సంతకం లేకుండా నేను దాచాలి ఈ సంగతి," అన్నాడు. "రేపు పొద్దున షట్టరు మీ చేత్తోనే లేపాలి. మర్చిపోవద్దు."

తెల్లారింది. ముందురోజు మధ్యాహ్నం నుంచే రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు వేలాడుతున్నాయి. జహంగీర్ తెల్ల చొక్కా వేసుకుని ముందు పక్క దుకాణానికే పోయాడు. "అక్కా, ఇయ్యాలతో ఆ కాగితం గడువు తీరింది. ఇంక చెప్తా, విను."

"ఊరంతా ఫ్లెక్సీలు కట్టినంక నువ్వు చెప్పేదేంది, కంపెనీ ఓనరు మాదిరి," అంది వెంకటసుబ్బులమ్మ కాటాలో పప్పు జోకుతూ.

ఆయన నవ్వలేకపోయాడు. "బాధగా ఉందా అక్కా?"

"ఎందుకుండదు? ఉంటాది. నిన్న సాయంత్రమే అడిగినారు నలుగురైదుగురు, రేపటి నించి ఆడ చౌకంట గదా అని. యాపారం తగ్గుతాది. అప్పు పెట్టేది ఈ రోడ్డుకంతా నేనొక్కదాన్నే గాబట్టి కొందరన్నా వస్తారు." పొట్లం దారంతో బిగించి పక్కన పెట్టింది. "కౌలుకు చేసే పోలయ్య ఫోన్ చేసినాడు, చెరువు కింద మన మడిలో నారు పోసినారంట. అది చాలు నాకు. నువ్వు లోపలికి పో. పోయి మళ్లీ బయలుదేరు."

"ఎందుకక్కా?"

"పో అంటే పో."

జహంగీర్ తన షాపు లోపలికి పోయి మళ్లీ గడప దిగేసరికి, ఆమె నీళ్ల బిందె చంకన పెట్టుకుని రోడ్డు మధ్యలో ఎదురు వస్తోంది. చెంచమ్మ చూస్తోంది, మెడికల్ షాపువాడు చూస్తున్నాడు, ఒకప్పుడు తలుపులు ఓరగా వేసుకున్న ఇళ్లన్నీ చూస్తున్నాయి. తన అంగడి పొట్ట కొట్టే అంగడిని తెరవబోయే మనిషికి ఆమె శుభం పలకడానికి వస్తోంది. జహంగీర్ కళ్లు చెమ్మగిల్లాయి.

సరిగ్గా అప్పుడే, ఏ పొడీ లేకుండా, ఆమె దుకాణం లోపలి మిరపకాయల ఘాటు గాలికి కొట్టుకొచ్చింది. ముక్కు అదిరింది. పాత అలవాటు చొప్పున ఆయన చప్పున నులుముకున్నాడు. ముఖం ఎర్రబడింది.

"ఆపుకోవద్దు," అంది వెంకటసుబ్బులమ్మ, నాలుగడుగుల దూరంలో నిలబడి. "ఇన్నేండ్లు ఆపుకున్నది చాలు. తుమ్ము."

జహంగీర్ తుమ్మాడు. ఒక్కటే తుమ్ము. వీధి గుండె ఆగినంత పనైంది. చెంచమ్మ మంచినీళ్ల చెంబు కోసం లోపలికి పరిగెత్తబోయింది.

"ఏం అక్కర్లా చెంచమ్మా," అని వెంకటసుబ్బులమ్మ అక్కడి నుంచే కేకేసింది. "వాళ్ల దేవుడికి తుమ్ము మంచిదే. అదేందో అంటారు గదా తమ్ముడూ మీరు, అనుకోని పో."

"అల్హమ్దులిల్లా," అన్నాడు జహంగీర్.

ఆమె బిందె రెండో చంకకు మార్చుకుని దారి ఇచ్చింది. ఆయన సినిమా హాలు వైపు నడిచాడు. ఒంటి తుమ్ము విని కూడా కూర్చోమనకుండా వెంకటసుబ్బులమ్మ ఒక మనిషిని సాగనంపడం ఆమె జన్మలో అదే మొదటిసారి.